డ్రైవర్ తప్ప అందరూ నిద్రపోయిన రాత్రి

స్నేహితులతో కారులో టూర్ వెళ్లినప్పుడు మొదటి రాత్రి ఎవరు ఎక్కడ పడుకోవాలన్న విషయంలో ఇంతవరకు ఏ ప్రభుత్వమూ ఒక విధానం ప్రకటించకపోవడం నన్ను తీవ్రంగా కలచివేస్తోంది. ఇందులో నాకు వ్యక్తిగత కక్ష ఏమీ లేదు. ఆ రోజు కారు నడిపింది నేనే కావడం కేవలం యాదృచ్ఛికం.

తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరాలనుకున్నాం, పదిన్నరకు బయలుదేరాం. దాని గురించి ఇంకేం చెప్పను, మీ అందరికీ తెలిసిందే.

రూమ్‌కి చేరేసరికి అర్ధరాత్రి దాటింది. మనుషులం ఐదుగురం, మంచాలు రెండు, పనిచేసే ప్లగ్గు ఒకటే. అది కూడా వదులుగా ఉండి చార్జర్ ఊడిపోతుంటే, నీళ్ల బాటిల్ దానికి ఆనించి, బాటిల్ జారకుండా చెప్పు అడ్డం పెట్టి, ఇక ఎవరూ ఆ వైపు నడవకూడదని తీర్మానించుకున్నాం. మేం ఈ ఇంజనీరింగ్‌లో ఉండగానే, పగలంతా నా పక్క సీట్లో దారి చూపిస్తానని చెప్పి నోరు తెరుచుకుని నిద్రపోయిన పెద్దమనిషి, 'అబ్బ, అలిసిపోయాను రా' అంటూ కిటికీ పక్క మంచం మీద వాలిపోయాడు. రెండో నిమిషంలో గురక.

గురక పెట్టేవాడే ముందు నిద్రపోవడం ప్రకృతి ధర్మం అనుకోండి. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి గురక పెరుగుతుంది కాబట్టి వాణ్ని పక్కకి తిప్పాలి. తిప్పాం. ఇద్దరం పట్టి తిప్పితే, ఉయ్యాల లాగా మళ్లీ యథాస్థానానికి వచ్చేశాడు.

కొత్త చోట మొదటి రాత్రి మన మెదడులో ఎడమ సగం సరిగ్గా నిద్రపోకుండా కాపలా కాస్తుందని 2016లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు చెప్పారు. నేను నేల మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాను కదా, నాకు రెండు సగాలూ డ్యూటీలోనే ఉన్నాయి. మావాడి మెదడు రెండు సగాలకూ ఒకేసారి సెలవు ఇచ్చినట్టుంది, వాణ్ని ఆ పరిశోధనకు పంపి ఉంటే ఫలితాలు తారుమారయ్యేవి.

ఇంకో లెక్క ఉంది, ఇది కాస్త సీరియస్. వరుసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లోనే తేల్చారు. అంటే చుక్క ముట్టకుండానే నాకు ఎక్కేసిందన్నమాట, ఖర్చు కూడా లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 4 సెకన్లు కునుకు తీస్తే కారు 110 మీటర్లు దానంతటదే వెళ్లిపోతుంది. ఈ లెక్క నేను తెల్లవారుజామున నాలుగింటికి, సీలింగ్ ఫ్యాన్ చూస్తూ వేశాను.

అయిదింటికి అలారం మోగింది. ఎవరిదో చెప్పక్కర్లేదు. వాడు లేచి, ఒళ్లు విరుచుకుని, 'ఏంట్రా కళ్లు అలా ఉన్నాయి, డ్రైవ్ చేయగలవా?' అన్నాడు. తాళాలు తీసి వాడి చేతిలో పెట్టాను.

'నాకు లైసెన్స్ లేదు కదరా!'

ఇంత ప్రశాంతంగా ఆ మాట అన్న మనిషిని నేను చూడలేదు. అందుకని అందరినీ బయటికి పంపి, తలుపు గడియ పెట్టి, కిటికీ పక్క మంచం మీద అడ్డంగా పడుకున్నాను. మధ్యాహ్నం పన్నెండు దాకా నలుగురూ మెట్ల మీదే కూర్చున్నారట. అందులో ఒకడు గోడకు చేరగిలి పడుకున్నాడని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది.