బ్యాక్టీరియాకు బరువు తెలుస్తుందా?

అంతరిక్షంలో బ్యాక్టీరియా ఎలా మారుతుందో చెప్పిన మీ వ్యాసం బాగుంది. కానీ “అంతరిక్షంలో గురుత్వాకర్షణ లేదని బ్యాక్టీరియా గ్రహిస్తుంది” అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. రెండు మూడు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పొడవుండే ప్రాణికి తన బరువు తనకు తెలిసే అవకాశం చాలా తక్కువ. అక్కడ ముఖ్యంగా మారేది దాని చుట్టూ ఉన్న ద్రవం. భూమి మీద వేడి తేడాల వల్ల, బరువైనవి అడుక్కి దిగడం వల్ల ద్రవం కదులుతూ ఉంటుంది. అంతరిక్షంలో ఆ కదలిక బాగా తగ్గిపోతుంది, కణం ఒంటికి తగిలే ఒరిపిడీ తగ్గుతుంది.

2006 సెప్టెంబరులో అట్లాంటిస్ అనే అంతరిక్ష షటిల్‌లో పంపిన సాల్మొనెల్లా (కలుషిత తిండి ద్వారా జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) సంగతి రాసి ఉంటే బాగుండేది. తిరిగొచ్చాక చూస్తే 167 జన్యువుల పనితీరు మారింది, ఇనుము వాడకానికి సంబంధించినవి కూడా అందులో ఉన్నాయి. ఎలుకల్లో జబ్బు మరింత తీవ్రంగా వచ్చింది. అసలు ఆసక్తికరమైన ముక్క ఇది: పెంచే ద్రవంలో ఫాస్ఫేట్ లాంటి లవణాలు ఎక్కువగా ఉన్నప్పుడు ఆ తీవ్రత పెరగలేదు. అంటే ద్రవం ఒరిపిడి లాంటి భౌతిక బలాలు ఒకవైపు, తిండి ఒకవైపు అని విడదీసి చూడలేం.

చుట్టూ ఉన్న ద్రవం మారితే కణం ఏమవుతుందో చూడటానికి అంతరిక్షం దాకా ఎందుకు, మన ఆవకాయ జాడీ చూడండి. ఉప్పు బ్యాక్టీరియా కణంలోని నీటిని బయటికి లాగేస్తుంది, లోపలి పీడనం పడిపోతుంది. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా అయితే గబగబా పొటాషియం లోపలికి తోడుకుంటుంది, తర్వాత ట్రెహలోజ్ అనే చక్కెర తయారుచేసుకుంటుంది. ఆవకాయంత ఉప్పు, పులుపు కలిస్తే మాత్రం ఆ తంటాలు దానికి చాలవు లెండి.