ఈఓఎల్ పెడితే నౌకరీ పోతదా?

"జీతం లేని సెలవు పెడితే సర్వీసు బ్రేక్ అవుతుంది. సీనియారిటీ, పెన్షన్ పోతాయి. మిగతా సెలవులన్నీ అయిపోతేగానీ ఇవ్వరు. జీతమే తీసుకోం కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు." యూనివర్సిటీ ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. జీతం లేని ఈ సెలవునే ఎక్స్‌ట్రా ఆర్డినరీ లీవ్, పొట్టిగా ఈఓఎల్ అంటారు. చదివి వదిలేసేవాణ్ణే. కానీ మొన్న గచ్చిబౌలిలో మా సెక్షన్‌కి ఒకావిడ వచ్చింది. తల్లికి తుంటి ఎముక విరిగింది, చూసుకునేవాళ్లు లేరు. నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతిలో ఉంది. "ఈఓఎల్ పెడితే నౌకరీ పోతదంట కదన్నా, అందుకే రాజీనామా రాసుకొచ్చిన" అంది. పదహారేళ్ల సర్వీసు!

ముందుగా సర్వీసు బ్రేక్ సంగతి. మంజూరైన సెలవు ఏదైనా సరే బ్రేక్ కాదు. ఉద్యోగం అలాగే ఉంటుంది, సీనియారిటీ కదలదు. గత సర్వీసుకు ముప్పు తెచ్చేది చెప్పాపెట్టకుండా మానేయడం. అలా మానేసిన రోజులను కూడా తర్వాత ఈఓఎల్‌గా మార్చే అధికారం మంజూరు చేసేవారికి ఉంది.

నష్టం లేదని నేను చెప్పను. జీతం, అలవెన్సులు రావు. సొంత పనుల మీద పెట్టిన ఈఓఎల్ ఇంక్రిమెంట్‌కి లెక్కకు రాదు, పాత పెన్షన్‌లో ఉన్నవాళ్లకు పెన్షన్ సర్వీసులోనూ కలవదు. ఈఎల్ (ఎర్న్‌డ్ లీవ్, జీతంతో కూడిన ఆర్జిత సెలవు) కూడా తగ్గుతుంది: ఒక అర్ధ సంవత్సరంలో 60 రోజులు ఈఓఎల్ వాడితే తర్వాతి అర్ధ సంవత్సరంలో జమయ్యే 15 ఈఎల్‌లో 6 కోసేస్తారు. మెడికల్ సర్టిఫికెట్ మీద పెడితే మాత్రం ఇంక్రిమెంట్ ఆగదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అధ్యాపకులు పైచదువులకు వెళ్లినా అంతే.

సెలవులన్నీ అయిపోవాలన్నది కూడా తప్పే. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో బోధనేతర సిబ్బందికి సాధారణంగా వర్తించే 1972 సీసీఎస్ (కేంద్ర సివిల్ సర్వీసుల) సెలవు నిబంధనలు చూడండి. వేరే సెలవు ఉన్నా, ఈఓఎలే కావాలని ఉద్యోగి రాతపూర్వకంగా అడిగితే ఇవ్వవచ్చు. అధ్యాపకులకూ ఇదే వర్తిస్తుంది. అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది: మీరు ఈఎల్ అడిగితే, మీ రాతపూర్వక కోరిక లేకుండా ఆఫీసు దాన్ని ఈఓఎల్‌గా మార్చడానికి వీల్లేదు. ఈ మాట ఏ గ్రూపులోనూ తిరగదు.

అనుమతి అక్కర్లేదన్న చివరి వాక్యమే అన్నిటికన్నా ప్రమాదం. ఏ సెలవూ హక్కు కాదు. కాగితం ఇవ్వగానే అయిపోదు, మంజూరు ఆర్డర్ వచ్చి సర్వీస్ బుక్‌లో ఎక్కాలి. గడువు కూడా ఉంది. అధ్యాపకులకు వరుసగా మూడేళ్లు, మొత్తం ఉద్యోగ జీవితంలో ఐదేళ్లు దాటకూడదు. వరుస గడువుకు మెడికల్ సర్టిఫికెట్ మీద మినహాయింపు ఉంది. కాంట్రాక్టు, గెస్ట్ ఫ్యాకల్టీకి ఇవేవీ వర్తించవు, వాళ్లు తమ ఒప్పంద పత్రమే చూసుకోవాలి.

ఆవిడ లీవ్ అకౌంట్ తీసి చూశాం. ఈఎల్ 41 రోజులు ఉన్నాయి. హాఫ్ పే లీవ్ ఏటా 20 రోజుల చొప్పున పేరుకుని దాదాపు ముట్టుకోకుండా ఉంది, దాన్ని సొంత పనులకూ వాడుకోవచ్చు. రాజీనామా కాగితాన్ని తిప్పి, వెనకవైపు తేదీలు రాసుకుంది: ముందు ఈఎల్, తర్వాత హాఫ్ పే, అప్పటికీ అమ్మ లేవకపోతేనే ఈఓఎల్.