గీత ఎక్కడ గియ్యాలి?

(విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు. అంచున జీడిచెట్టు కింద ఒక రైతు, జియాలజీ చదువుతున్న మేనకోడలు సునీత. దిబ్బలకి గట్టి రక్షణ ఇవ్వాలని ఆమె, వద్దని ఆయన.)

మావయ్య: 2014లోనే జాతీయ భూవారసత్వం అన్నారు. అయినా 2024లో పక్కనే పొక్లెయిన్లు దిగాయి. ఆ పేరు ఏం ఆపింది?

సునీత: జీఎస్‌ఐ, అంటే కేంద్ర భూగర్భ సర్వే సంస్థ, ఇచ్చింది గుర్తింపే, చట్టం కాదు మావయ్యా. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కింది, అదీ ఇంకా అభ్యర్థి హోదానే. అందుకే చట్టం కావాలంటున్నా.

మావయ్య: చట్టమొస్తే ముందు ఎవర్ని ఆపుతారు? మేకలు తోలుకెళ్లేవాణ్ణి. జీడిపిక్కలు ఏరే మీ అత్తని. పొక్లెయిన్ వాడి చేతిలో కాగితాలుంటాయి, మీ అత్త చేతిలో గంపే.

సునీత: కాదనను. కానీ ఈ గోడ చూడు. కింద ఇటుక రంగు, పైన లేత పసుపు ఇసుక. మంచుయుగంలో సముద్రం వెనక్కి పోతే, బయటపడ్డ ఇసుకని గాలి తెచ్చి పోసింది. (గోటితో గీరి) ఈ ఎరుపు, రేణువులకి పట్టిన ఇనుప తుప్పే. వేల ఏళ్ల పని. తవ్వితే మళ్లీ పోసేవాడు లేడు.

మావయ్య: మరి ఇప్పుడు నువ్వు గీరావుగా!

సునీత: (చెయ్యి దులుపుకుని) సరే, తప్పే.

మావయ్య: ఆదివారం వచ్చి చూడు, పిల్లలు జారుడుబండ ఆడతారు, వాటర్ బాటిళ్లు వదిలిపోతారు. నీ వారసత్వం పేరు చెప్పి ఇంకా కార్లొస్తాయి.

సునీత: సుమారు 1,500 ఎకరాల దిబ్బల్లో రక్షణ కింద చూపించింది 262 ఎకరాల చిల్లర. వాననీళ్లకి సర్వే నంబరు తెలీదు కదా. ఎగువన చదును చేసి రోడ్డేస్తే, ఇసుకలో ఇంకాల్సిన నీరంతా గెడ్డవాగులో పడి గోడల్ని కోసేస్తుంది. చుట్టూ ఉన్నదీ కాపాడాలి.

మావయ్య: అదిగో, చుట్టూ అంటే నా తోటే!

సునీత: తోట ఉండాలనే అంటున్నా. జీడి వేళ్లే ఇసుకని పట్టుకునేది.

మావయ్య: రేపు పిల్ల పెళ్లికి అరెకరం అమ్ముదామంటే? రక్షణ గీత లోపలుంటే ఎవడు కొంటాడు?

(సునీత కాసేపు మాట్లాడలేదు.)

సునీత: పరిహారం, మేత, పిక్కల హక్కు... నోటిఫికేషన్‌లోనే రాయాలి. రాయకపోతే నేనూ ఒప్పుకోను.

మావయ్య: ముందు అది రాయించుకురా. అప్పుడు సర్వేకొస్తే గొలుసు రెండో కొస నేనే పట్టుకుంటా.