98 చూపించిన ఆక్సీమీటరు గారికి

మహారాజశ్రీ పల్స్ ఆక్సీమీటరు గారి దివ్య సముఖానికి,

మొన్న ఆదివారం తమరు మా ఇంట్లో వెలగబెట్టిన నిర్వాకం గురించి ఈ నాలుగు ముక్కలు. భోజనాలు కాగానే మా బావగారు బాల్కనీలోకెళ్లి ఒకటి కాల్చి, ఆ వాసనతోనే లోపలికొచ్చారు. అక్క మొహం తిప్పుకుంది. ఈసారి సాక్ష్యంతో సహా బుద్ధి చెబుదామని, బీరువాలోంచి తమర్ని తీసి బావగారి వేలికి తొడిగాను. రక్తంలో ఆక్సిజన్ 98 శాతం అన్నారు. తర్వాత నా వేలికి. జన్మలో సిగరెట్టు ముట్టని వేలికి! 97.

ఇక ఆయన్ని పట్టేదెవరు? "చూశావా బామ్మర్దీ, నీకంటే నాకే ఆక్సిజన్ ఎక్కువ. కావాలంటే నువ్వూ ఒకటి కాల్చు" అంటూ ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. దాని కింద మా పెదనాన్న, 'సిగరెట్టులో కెమికల్స్ రా, బీడీ అయితే ఉత్త ఆకే' అని సొంత వైద్యం. ఆకు కాలితే ఆక్సిజన్ వస్తుందనుకున్నారు కాబోలు!

తమరి మీద చిల్లర ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. చేతులు చల్లబడితే అంకె బదులు గీతలు చూపిస్తారు. గోళ్లరంగు ఉంటే అలుగుతారు. అవసరమైన రాత్రే బ్యాటరీ లేదంటారు. చర్మం నల్లగా ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తారని డాక్టర్లే తేల్చారు. మరి మన ఊళ్లకి ఏం చూసుకుని వచ్చారో. అన్నీ మాఫీ. ఆ 98 ఒక్కటే గొంతు దిగట్లేదు.

ఎందుకంటే అందులో ఏముందో నాకు తెలుసు. ఒక్కో ఎర్రకణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులు. అణువుకి నాలుగు ఇనుప పరమాణువులు, ఒక్కోదాని దగ్గర ఒక ఆక్సిజన్‌కి చోటు. 100 మిల్లీలీటర్ల రక్తం సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ మోస్తోందంటే ఆ ఇనుము చలవే. ప్లాస్మాలో, అంటే కణాలు కాని రక్తద్రవంలో, ఊరికే కరిగి వెళ్లేది 0.3 మి.లీ. మించదు. అలాంటి చోట్లో పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వచ్చి తిష్ఠ వేస్తుంది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టి పట్టు దానిది. మామూలు గాలి పీలుస్తూ కూర్చుంటే సగం వదలడానికే నాలుగైదు గంటలు. ఈలోగా బావగారు ఇంకోటి ముట్టిస్తారు.

తమరి దగ్గరున్నవి రెండే దీపాలు. 660 నానోమీటర్ల ఎరుపు ఒకటి, కంటికి కనబడని 940 ఒకటి. ఆ ఎరుపులో మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్ కూడా అచ్చం ఆక్సిజన్ పట్టినట్టే కనిపిస్తుంది తమరికి. రిజర్వేషన్ సీట్లో టికెట్ లేనివాడు కాళ్లు చాపుకుని ఉంటే, సీటున్నవాడు ప్లాట్‌ఫాం మీదే మిగిలిపోతే, 'బోగీ ఫుల్' అని రాసుకుని పోయే టీసీ తమరు! పొగ జోలికి పోనివాళ్లలో ఈ టికెట్ లేని సరుకు రెండు శాతం లోపే. పెట్టెలు పెట్టెలు ఊదేవాళ్లలో పది దాకా పోతుంది. బావగారిది ఎంతో తమరు చెప్పరు కదా, 98 అంటారు.

పోనీ ఎక్కిన ఆక్సిజనైనా దిగుతుందా? పక్కన మోనాక్సైడ్ కూర్చుంటే హిమోగ్లోబిన్ మిగతా ఆక్సిజన్ని కూడా బిగపట్టుకుంటుంది. గుండె కండ అడిగినా, మెట్లెక్కే కాళ్లు అడిగినా పూర్తిగా వదలదు. ఆయన రెండో అంతస్తుకే ఆగి ఆయాసపడేది నీకు కనబడదు. నీకు అంకె కావాలి. పచ్చ అంకె! అక్క పదేళ్లుగా బతిమాలి సాధించిన కాస్తంత భయాన్ని ఒక్క చూపుతో ఊడ్చేశావు. నువ్వొక్కడివే కాదులే. హెల్త్ చెకప్‌లో హిమోగ్లోబిన్ 17.8 వస్తే 'రక్తం పుష్కలం' అని స్వీట్లు తెచ్చిన మనిషి ఆయన. ఆక్సిజన్ చాలక ఒళ్లు ఎర్రకణాలు పెంచుకుంటోందనీ, చిక్కబడ్డ రక్తాన్ని తోయలేక గుండె చస్తోందనీ ఆ రిపోర్టూ చెప్పలేదు, నువ్వూ చెప్పవు.

ఆసుపత్రిలో తమరి పెద్దన్న ఉన్నాడు, కో-ఆక్సీమీటరు. చుక్క రక్తం ఇస్తే ఇంకొన్ని రంగుల కాంతి వేసి చూసి మోనాక్సైడ్ ఎంతో విడిగా చెప్పేస్తాడు. తమరికి ఆ చదువు లేదని ఒప్పుకుంటాను. 1974లో జపాన్‌లో టకువో అవొయాగి తమరి కిటుకు లోకానికి చెప్పినప్పుడు ఆయన మనసులో ఉన్నది రోగులు, పందెం కాసే బావగార్లు కాదు. 2021లో సెకండ్ వేవ్ రాత్రుల్లో 94 దిగుతుందేమోనని తమరి మొహమే చూస్తూ కూర్చున్నాం, దిగినప్పుడు దాచకుండా చెప్పారు. అందుకే ఇంకా చెత్తబుట్టలో వెయ్యలేదు.

ఒక్కటే కోరిక. వచ్చే పండక్కి బావగారు మళ్లీ వస్తారు, వేలు చాపుకుని మరీ వస్తారు. నాకెలాగూ ప్రతిసారీ చేస్తారుగా, ఆ బ్యాటరీ లేదనే నాటకం ఆయన ముందు కూడా ఆడి పుణ్యం కట్టుకోండి.

ఇట్లు,
డబ్బిచ్చి తమర్ని కొన్నవాడు