సోలో సైకిల్ టూర్ల గురించి రాసేవాళ్లకు నా విన్నపం

సైకిల్ మీద వేల కిలోమీటర్లు ఒంటరిగా తిరిగొచ్చినవాళ్ల పోస్టులు నేను వదలకుండా చదువుతాను. ఏ టైర్లు వేసుకున్నారు, టెంట్ బరువెంత, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తొక్కారు, ఏ గేర్లో కొండ ఎక్కారు, అన్నీ వివరంగా రాస్తారు. అంతా అయ్యాక చివర్లో ఒక లైన్ పెడతారు: "ఎవరి సాయం లేకుండా, నా కాళ్ల మీద నేను." అక్కడ నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే అదే పోస్టులో ఏదో ఒక ఫొటోలో ఎవరో పెద్దాయన ఆ సైకిల్ బాటిల్‌లో నీళ్లు పోస్తూ కనబడతాడు. ఆయన గురించి రాసింది ఒక్క ముక్క కూడా ఉండదు. ఆ ఫొటోలో ఆయన కూడా చెట్టు లాగా, మైలురాయి లాగా ఒక వస్తువు అయిపోతాడు.

నేనూ ఒంటరిగానే తిరుగుతాను. ఆ కష్టాన్ని తక్కువ చేయాలని రాయడం లేదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎదురుగాలిలో తొక్కి, లెక్క చూసుకుంటే అనుకున్న దూరంలో సగం కూడా రాకపోతే ఎలా ఉంటుందో నాకు తెలుసు. పెడల్ తొక్కింది మనమే, అందులో అనుమానం లేదు. కానీ మనల్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సాగనంపినవాళ్లు ఉన్నారు. వాళ్లను తీసేసి రాస్తే అది జరిగిన ప్రయాణం కాదు.

ఈ సంగతి మొదటి నుంచీ ఇంతే. సైకిల్ మీద ప్రపంచాన్ని చుట్టిన తొలి మనిషిగా చరిత్రకెక్కిన థామస్ స్టీవెన్స్ 1884లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బయల్దేరి 1886 డిసెంబర్‌లో జపాన్‌లోని యొకొహామాలో ఆగాడు. అది కూడా ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉండే పాతకాలపు సైకిల్ మీద. ఆయన వెంట తీసుకెళ్లిన సామాను చూడండి: సాక్సులు, ఇంకో చొక్కా, అవసరమైతే టెంట్‌గా కూడా పనికొచ్చే రెయిన్‌కోట్, ఒక రివాల్వర్. దాదాపు అంతే. పొయ్యి లేదు, గిన్నె లేదు, సరైన పడక లేదు. అంత తక్కువ సామానుతో ఒక మనిషి మూడు ఖండాలు దాటాడంటే తిండీ పడకా ఎక్కడి నుంచి వచ్చాయి? దారిలోని ఇళ్ల నుంచి, సత్రాల నుంచి, ఊళ్ల నుంచి. ఒక చలికాలమంతా టెహ్రాన్‌లో షా, అంటే ఇరాన్ రాజు, అతిథిగా గడిపాడు. సాహసం ఆయనదే, కాదనను. ఆయన సంచీలో లేనివన్నీ ఎవరి ఇంట్లో ఉన్నాయో కూడా చూడమంటున్నాను.

కార్లో వెళ్లేవాడికి దొరకని ఆదరణ సైకిల్ మీద వెళ్లేవాడికి ఎందుకు దొరుకుతుంది అని నేను చాలా ఆలోచించాను. చాలావరకు కారణం వేగమే అనిపిస్తుంది. ఇరవై, ఇరవై ఐదు కిలోల లోడ్‌తో చదునైన రోడ్డు మీద గంటకు పదిహేను, పద్దెనిమిది కిలోమీటర్లు. అరుగు మీద కూర్చున్నవాళ్లు మనల్ని దూరం నుంచి చూస్తారు, దగ్గరికి వచ్చేదాకా చూస్తారు, దాటి వెళ్లేదాకా చూస్తారు. మధ్యలో అద్దం ఉండదు. మనం అలిసిపోయామా, దాహంగా ఉన్నామా అన్నది మొహంలో తెలిసిపోతుంది. పైగా సైకిల్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. చిన్నప్పుడు తొక్కినవాళ్లే అందరూ. వెనక క్యారియర్‌కి రెండు వైపులా నిండు సంచులు వేలాడుతున్న సైకిల్ చూస్తే ఆ మనిషి ఎంత దూరం నుంచి వస్తున్నాడో, ఎంత బరువు లాగుతున్నాడో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంకోటి కూడా ఉంది. సైకిల్ మీద ఒంటరిగా వచ్చినవాణ్ణి చూసి ఎవరూ భయపడరు. వాడు పారిపోలేడు, ఏమీ ఎత్తుకెళ్లలేడు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు, జనం కొంచెం దూరంగా ఉంటారు. ఒక్కడే వస్తే పలకరిస్తారు.

ఒక సాయంత్రం చీకటి పడుతుండగా నా వెనక చక్రంలో గేర్ల వైపు స్పోక్ ఒకటి ఠప్పున తెగింది. తొక్కినవాళ్లకు తెలుసు, ఆ వైపు స్పోక్ మార్చాలంటే గేర్ల సెట్ మొత్తం విప్పాలి, రోడ్డు పక్కన అయ్యే పని కాదు. అప్పటికి చేయగలిగింది ఒక్కటే. తెగినదాని పక్కనున్న ఎడమ స్పోకులను పావు తిప్పు, పావు తిప్పు వదులు చేస్తూ వంకర తగ్గించి, రిమ్ బ్రేక్‌కి తగలకుండా చూసుకోవడం. బండి మీద వెళ్తున్న ఒకాయన ఆగాడు. ఆయన భాష నాకు రాదు, నాది ఆయనకు రాదు. ఫోన్‌లో టార్చ్ వేసి పట్టుకున్నాడు. మొదట నా చేతుల మీద వేశాడు. నేను చక్రం తిప్పి తిప్పి బ్రేక్ రబ్బరు దగ్గర వంగి చూస్తున్నానని గమనించి, ఏమీ అడక్కుండా వెనక్కి వెళ్లి వెలుతురు చక్రానికి అటు వైపు నుంచి వేశాడు. దాంతో రిమ్‌కీ రబ్బరుకీ మధ్యనున్న సందు తెల్లటి గీతలా కనబడింది. చక్రం తిరుగుతుంటే ఆ గీత సన్నబడుతోంది, ఒక చోట మాయమవుతోంది, మళ్లీ వస్తోంది. ఎక్కడ మాయమైందో అక్కడ వేలు పెట్టి చూపించేవాడు. చాలాసేపు పట్టింది. మధ్యలో ఆయన ఫోన్ మోగింది. టార్చ్ ఆరకుండా అలాగే పట్టుకుని రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. కాసేపటికి మళ్లీ మోగింది. ఇంట్లో ఎవరో ఎదురు చూస్తున్నారు. గీత చక్రం చుట్టూ తెగకుండా కనబడ్డాక, ఆయనే ఒకసారి చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టి విని, తల ఊపి వెళ్లిపోయాడు.

ఆ పూట నన్ను ఊరు చేర్చింది నా కాళ్లా, ఆయన టార్చా? దీనికి జవాబు చెప్పలేకే నాకు ఆ చివరి లైన్ మింగుడు పడదు.

కనబడని సాయం ఇంకొకటి ఉంది. దాని గురించి రాసేవాళ్లు మరీ తక్కువ. కొండ ఎక్కుతున్నప్పుడు మన వేగం గంటకు ఆరేడు కిలోమీటర్లకు పడిపోతుంది. అంత నెమ్మదిలో హ్యాండిల్ నిలవదు, సైకిల్ అటూ ఇటూ ఊగుతుంది. వెనకాల లోడ్ లారీ. ఆ డ్రైవర్ హారన్ కొట్టకుండా, గేర్ తగ్గించి, ఎదురుగా రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆగి, పక్క లేన్‌లోకి పూర్తిగా వెళ్లి దాటాడనుకోండి. కొండ మీద ఊపు పోయిన లారీని మళ్లీ లాగాలంటే ఎంత కష్టమో లారీవాళ్లనే అడగాలి. ఆయనకు డీజిల్ ఖర్చు, టైమ్ ఖర్చు. ఆయన మొహం మనం చూడం, థాంక్స్ చెప్పే వీలు కూడా ఉండదు. రోజుకు ఇలాంటి వాళ్లు ఎంతమంది దాటి ఉంటారు! జర్మనీలో 2020 నుంచి సైకిల్‌ని దాటే వాహనం ఊళ్లో అయితే 1.5 మీటర్లు, ఊరి బయట అయితే 2 మీటర్లు ఎడం వదలాలని చట్టమే ఉంది. ఫ్రాన్స్‌లో ఊళ్లో ఒక మీటర్, బయట 1.5. మంచిదే. కానీ నిర్మానుష్యమైన రోడ్డు మీద, ఏ పోలీసూ లేని చోట ఆ ఎడం ఇచ్చేది డ్రైవర్ మనసే. మైక్ హాల్ గుర్తొస్తాడు నాకు. యూరప్‌ను అడ్డంగా దాటే ట్రాన్స్‌కాంటినెంటల్ రేస్‌ను 2013లో మొదలుపెట్టింది ఆయనే. వెంట టీమ్ ఉండకూడదు, కారు ఉండకూడదు, ముందుగా ఏర్పాటు చేసుకున్న సాయం ఏదీ ఉండకూడదు, ఇదీ అలాంటి రేసుల నియమం. ఎవరి మీదా ఆధారపడకుండా తొక్కడంలో ఆయన్ని మించినవాళ్లు తక్కువ. అలాంటి మనిషి 2017లో ఆస్ట్రేలియాలో రేసులో ఉండగా కారు తగిలి చనిపోయాడు. ఎంత గట్టివాడైనా, రోడ్డు మీద వెనక వచ్చేవాడి జాగ్రత్త మీద ఆధారపడి ఉండాల్సిందే.

అందుకే "ప్రపంచమంతా మంచివాళ్లే, భయపడకుండా బయల్దేరండి" అనే పోస్టులు కూడా నేను షేర్ చేయను. 2018 జులైలో తజికిస్తాన్‌లో సైకిల్ టూర్‌లో ఉన్న నలుగురు విదేశీయులను కారుతో గుద్ది, కత్తులతో చంపేశారు. అదే ఏడాది పుణె అమ్మాయి వేదాంగి కులకర్ణి సుమారు 29,000 కిలోమీటర్లు తొక్కి ప్రపంచాన్ని చుట్టి వచ్చింది, దారిలో స్పెయిన్‌లో కత్తి చూపించి దోచుకున్నారు. ఇవి దాచిపెట్టి మంచివాళ్ల కథలు మాత్రమే చెబితే, రేపు బయల్దేరేవాళ్లకు అన్యాయం చేసినట్టే.

ఆడవాళ్ల లెక్క వేరు. "రాత్రికి మా ఇంట్లో ఉండు" అని ఎవరైనా పిలిస్తే నేను సైకిల్ లోపల ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తాను. అదే పిలుపు ఆడమనిషికి వస్తే ఇంట్లో ఆడవాళ్లు ఉన్నారా, గదికి లోపల గడియ ఉందా, పిలిచినవాడు ఎందుకు పిలిచాడు, ఇవన్నీ ఆ అలసటలోనే, ఆ ఒక్క నిమిషంలోనే చూసుకోవాలి. డెర్వ్లా మర్ఫీ 1963లో ఐర్లండ్ నుంచి ఇండియాకు ఒంటరిగా తొక్కుకుంటూ వచ్చినప్పుడు వెంట పిస్తోలు పెట్టుకుంది, దారిలో దాన్ని వాడాల్సి వచ్చింది కూడా. దారి పొడవునా ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇళ్లలో ఆతిథ్యం పొందింది కూడా ఆవిడే. రెండూ ఒకే ప్రయాణంలో జరిగాయి. ఒకదాన్ని చూపించి ఇంకోటి అబద్ధం అనడానికి వీల్లేదు. చర్మం రంగును బట్టి, పాస్‌పోర్ట్‌ను బట్టి కూడా తలుపులు తెరుచుకోవడం మారుతుంది. నాకు దొరికింది అందరికీ దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఇక "జీరో బడ్జెట్ టూర్" అంటూ తిరిగేవాళ్ల సంగతి. ఇది చెప్పకపోతే ఈ పోస్ట్ రాసి దండగ. డబ్బులు లేక దారిలో ఇబ్బంది పడటం వేరు. బ్యాంకులో డబ్బులు ఉంచుకుని, మంచి కెమెరా తగిలించుకుని, దారిలో వాళ్లే తిండి పెడతారులే అని ప్లాన్ వేసుకుని బయల్దేరడం వేరు. ఎదుటివాడు తనంతట తాను ఇస్తే అది ఆదరణ. వాళ్లు ఇస్తారన్న లెక్కతోనే ఇంట్లో బడ్జెట్ వేసుకుంటే, వాళ్లను అడక్కుండా వాళ్ల జేబులోంచి తీసుకున్నట్టే. వార్మ్‌షవర్స్ అని 1993 నుంచి సైకిల్ టూరిస్టుల కోసం నడుస్తున్న ఒక నెట్‌వర్క్ ఉంది. అక్కడ రాత్రికి తమ ఇంట్లో చోటిచ్చే హోస్టులు డబ్బు తీసుకోరు. అయినా నాకు దాని మీద గౌరవం ఉంది. అందులో హోస్టుకు "ఇవాళ కుదరదు" అనే హక్కు ఉంది, ముందుగా అడగాలి, ఇవాళ అతిథిగా వెళ్లినవాడు రేపు తన ఇంటి తలుపు తీయాలన్నది అక్కడి మర్యాద.

పెట్టేవాళ్ల వైపు నుంచి ఇది ఎలా ఉంటుందో తెలియాలంటే జూన్ కర్రీ గురించి తెలుసుకోవాలి. అమెరికాను ఒక తీరం నుంచి ఇంకో తీరానికి సైకిల్ మీద దాటే మార్గం 1976లో మొదలైంది. అది వర్జీనియాలో ఆఫ్టన్ అనే చోట ఈవిడ ఇంటి మీదుగా కొండ ఎక్కుతుంది. ఎండలో ఎక్కలేక ఆగినవాళ్లు నీళ్లు అడిగారు. నీళ్లు ఇచ్చింది. తర్వాత కుకీలు చేసి పెట్టడం మొదలుపెట్టింది. పక్కనున్న ఇల్లు సైకిల్ మీద వచ్చేవాళ్లు పడుకోవడానికి ఇచ్చేసింది. సైకిలిస్టుల్లో ఆవిడ పేరు "కుకీ లేడీ"గా నిలిచిపోయింది. 2012లో చనిపోయేదాకా ఆ ఇల్లు సైకిలిస్టులదే, గోడల నిండా వాళ్లు పంపిన పోస్ట్‌కార్డులే. ఒక్కో సైకిలిస్టుకు అది ఒక్క పూట జ్ఞాపకం. ఆవిడకు మాత్రం ఏటా, సీజనంతా, వచ్చిన ప్రతివాడికీ తలుపు తీసే పని. మనం పదేపదే మర్చిపోయేది ఇదే. మనకు అపురూపంగా జరిగింది ఎదుటివాళ్లకు రోజూ ఉండే పనై ఉండొచ్చు. ఆ పోస్ట్‌కార్డులు పంపినవాళ్లంటే నాకు ఇష్టం. వెళ్లిపోయాక కూడా ఆవిణ్ణి గుర్తుపెట్టుకుని, స్టాంపు అతికించి పంపారు.

కాబట్టి టూర్ పోస్ట్ రాసేటప్పుడు దయచేసి వాళ్లనూ రాయండి. పేరు, ఊరు, ఫొటో అక్కర్లేదు. అడక్కుండా మొహాలు పెట్టకపోవడమే మంచిది. వాళ్లు ఏం చేశారో రాయండి చాలు. గేట్ తీశారా, పంపు ఇచ్చారా, ముందు బ్రిడ్జి కూలిందని ఎదురొచ్చి చెప్పారా, వర్షంలో షెడ్డు కింద చోటిచ్చారా. గేర్ల గురించి పేరా రాసినప్పుడు వీళ్ల గురించి కూడా ఒక పేరా రాయండి.

సైకిల్ తొక్కనివాళ్లు కూడా ఈ పోస్ట్ చదువుతుంటే మీకో మాట. సంచులు కట్టిన సైకిల్ రోడ్డు పక్కన ఆగి కనబడితే వేగం తగ్గించి, ఏమైనా కావాలా అని అడగండి. బొటనవేలు ఎత్తి చూపిస్తే బాగానే ఉన్నాడని, వెళ్లిపోవచ్చు. నీళ్లుంటే ఇవ్వండి, ఎండలో గంటకు అర లీటర్ పైనే తాగుతాం. చీకటి పడితే బండి ఎక్కించుకుంటామని ఒకసారి అడగండి, వద్దంటే బలవంతం చేయకండి, ముఖ్యంగా అవతల ఉన్నది ఆడమనిషి అయితే. డ్రైవింగ్‌లో ఉంటే మలుపు దాటేదాకా వెనకే ఆగండి, అరనిమిషం కూడా పట్టదు.