కుక్క గండం తీసుకుపోదు

చుట్టాల గ్రూపుల నుంచి అపార్ట్‌మెంట్ గ్రూపుల దాకా వాట్సాప్‌లో ఒక మెసేజ్ చాలాకాలంగా తిరుగుతోంది. చివర్లో జోడించిన చేతుల బొమ్మ, "పదిమందికి పంపండి" అన్న ఆజ్ఞ షరా మామూలే. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది. ఇంట్లో ఎవరికైనా కాలో చెయ్యో విరిగి మంచాన పడ్డప్పుడు పెంపుడు కుక్క చనిపోతే, అది యజమాని ప్రాణగండాన్ని తన మీద వేసుకుని పోయినట్టట. దాని కోసం ఏడవకూడదట, ఏడిస్తే గండం వెనక్కొస్తుందట. పదకొండు రోజులు మైల పాటించాలి, దెబ్బ తగిలినవాళ్లు గడప దాటకూడదు, కాలు కదపకూడదు. కుక్క బొచ్చున్న ఇంట్లో ఎముక అతకదు. ధర్మరాజు వెంట నడిచిన కుక్కే వీటన్నిటికీ సాక్ష్యం. మైల తీరగానే కొత్త కుక్కపిల్లను తెచ్చుకుంటే ఇంటికి మళ్లీ కాపలా వస్తుంది.

ఇది మా అక్కావాళ్లింటికీ వచ్చింది. వాళ్లుండేది విశాఖ మర్రిపాలెంలో. వానలో ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బండి స్కిడ్ అయి బావకి మోకాలి కింద పెద్ద ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. ఆయన ఇంకా వాకర్ పట్టుకునే నడుస్తున్న రోజుల్లో జిమ్మీ పోయింది. పిల్లలు పుట్టకముందు నుంచీ ఆ ఇంట్లో ఉన్న కుక్క. ఓదార్పుగా ఉంటుందని ఎవరో ఈ మెసేజ్ పంపారు. బావ చదివి, ఫోన్ మంచం మీద బోర్లా పెట్టి, "అయితే నా కాలు కోసం అది పోయిందంటావేటిరా?" అని నన్నడిగాడు. కాలు విరిగిన మనిషి నెత్తిన ఇంకో ప్రాణం అప్పు కూడా పెట్టిందన్నమాట ఈ మెసేజ్. పంపినవాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ ఇందులో ఉన్న మాటలు ఒక్కొక్కటీ తీసి చూడాల్సినవే.

ముందు గండం సంగతి. జిమ్మీకి వచ్చింది టిక్ ఫీవర్. డాక్టరు దాని పై పెదవి ఎత్తి చూపించారు. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉన్నాయి. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయని రక్తపరీక్షలో తేలింది. పిడుదులు, కొందరు గోమార్లంటారు, వాటి కాటుతో ఎర్లిషియా అనే బ్యాక్టీరియా కుక్క రక్తంలోకి ఎక్కుతుంది. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లో వీటికి ఏడాది పొడుగునా పండగే. కుక్క ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, తలుపు చట్రాల సందుల్లో కాపురం ఉంటాయి. ఒక్కో ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది.

కాటు పడ్డాక జ్వరం బయటపడడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. కొన్ని కుక్కల్లో ఆ జ్వరం తగ్గినట్టే తగ్గి, బ్యాక్టీరియా నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి లోపలే నక్కి ఉంటుంది. తర్వాత ఎముక మజ్జను దెబ్బతీసి, రక్తకణాలు తయారు కాకుండా చేస్తుంది. అంటే బావ బండి మీంచి పడకముందే ఆ జబ్బు జిమ్మీ ఒంట్లో ఉండి ఉండొచ్చు. అలాంటప్పుడు అది ఎవరి గండాన్ని తీసుకున్నట్టు?

ఈ జబ్బుకి మందు ఉంది. డాక్సీసైక్లిన్ అనే మామూలు యాంటీబయాటిక్, సాధారణంగా నాలుగు వారాల కోర్సు. మొదట్లోనే పట్టుకుంటే చాలా కుక్కలు కోలుకుంటాయి. ఆలస్యమైతేనే చిక్కు. కాలు విరిగిన మనిషి ఉన్న ఇంట్లో ఆలస్యం ఎంత సులువుగా జరుగుతుందో చెప్పక్కర్లేదు. అందరి కళ్లూ ఆ కాలు మీదే. ఎక్స్‌రేలు, బిల్లులు, పరామర్శకి వచ్చేవాళ్లకి కాఫీలు. కుక్క కంచం ముట్టకపోతే "బావ మీద బెంగెట్టుకుంది" అనుకుంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఇంట్లో దినచర్య మారితే కుక్కలు తిండి తగ్గిస్తాయి. అయితే ఒక రోజు దాటినా తినకపోతే, చిగుళ్లు పాలిపోతే, ముక్కులోంచి రక్తం కారితే, మూత్రం ముదురు రంగులో వస్తే అది బెంగ కాదు, పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన పని.

ఇంకో కారణం కూడా ఇలాంటి ఇళ్లలోనే ఎక్కువ పొంచి ఉంటుంది. మంచం పక్కన స్టూలు మీద నొప్పి మాత్రల అట్టలు. కుక్క కుంటుతోందని జాలిపడి ఎవరో ఒక ముక్క విరిచి పెరుగన్నంలో కలుపుతారు, లేదా కింద పడ్డ అట్టను అదే నమిలేస్తుంది. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. పిల్లికైతే ఒక్క పారాసెటమాల్ మాత్ర కూడా ప్రాణం తీయొచ్చు. అలా పోయినదాన్ని గండం తీసుకుపోయిందని దండం పెట్టి ఊరుకుంటే, అదే మాత్రల అట్ట అదే స్టూలు మీద ఇంకో జంతువు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

అన్నిటికన్నా భయపడాల్సింది రేబిస్‌కి. కుక్క ఉన్నట్టుండి ప్రవర్తన మార్చుకుని, మింగలేక, చొంగ కార్చుకుంటూ కొద్ది రోజుల్లో చనిపోయిందనుకోండి. "త్యాగం చేసింది" అని ఆ చావుకి కారణం అడక్కుండా వదిలేస్తే ఇంటిల్లిపాదికీ ముప్పే. మామూలుగా, కరిచిన కుక్కను పది రోజులు గమనించమంటారు, ఆలోగా అది చనిపోతే అనుమానించాల్సిందే. కరవక్కర్లేదు కూడా. గీసుకున్న చోట, మానని పుండు మీద నాకినా టీకా వేయించుకోవాలి. పుండ్లు ఎవరికి ఉంటాయి? బండి మీంచి పడ్డవాళ్లకే కదా. పుండును సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఈ టీకా ఉచితం. లక్షణాలు మొదలయ్యాక రేబిస్ నుంచి బతికి బయటపడ్డవాళ్లు దాదాపు లేరు.

ఇక "మాకు తెలిసిన ముగ్గురిళ్లలో ఇలాగే జరిగింది" అనేవాళ్ల మాట. జరిగే ఉంటుంది. కాలి ఎముక అతకడానికి నెలలు పడుతుంది, కుక్క ఆయుష్షు పది పన్నెండేళ్లు. ఇంత పెద్ద ఊళ్లో ఈ రెండూ ఒకేసారి ఎదురైన ఇళ్లు కొన్ని ఉండక తప్పదు. కాలు విరిగినా కుక్క హాయిగా తోక ఊపుకుంటూ తిరిగిన ఇళ్లు అంతకన్నా చాలా ఎక్కువ. వాళ్లెవరూ మెసేజ్ రాయరు.

రెండోది, ఏడవకూడదట. ఈ మాట రాసినవాళ్ల మీద నాకు నిజంగానే కోపం వచ్చింది. పగలంతా మంచం మీద ఉండే మనిషికి ఇంట్లో మిగిలే తోడు ఎవరు? పెళ్లాం ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్లిపోతారు. వాకర్ చప్పుడుకి లేచి వెనకాలే వచ్చేది ఆ కుక్క ఒక్కటే. నొప్పి, నిద్రలేమి, జీతం కోత, బాత్రూమ్‌కి కూడా ఒకరిని పిలవాల్సిరావడం, వీటన్నిటి మీదా ఈ దెబ్బ. "మనిషి పోయినట్టు ఏంటా ఏడుపు" అనేవాళ్లు ఎలాగూ ఉంటారు. ఇప్పుడు "ఏడిస్తే కీడు" అనేవాళ్లు తోడయ్యారు.

పిల్లల సంగతి మరీ అన్యాయం. ఏడుపు లేకుండా చేయాలని అక్క చిన్నకొడుకుతో ఎవరో "జిమ్మీని ఊరు పంపించాం" అన్నారు. వాడు నమ్మాడు. ఊరి నుంచి వస్తే లోపలికి ఎలా వస్తుందని గేటు గడియ పెట్టనిచ్చేవాడు కాదు. రాత్రి ఎవరైనా వేస్తే వెళ్లి తీసేసేవాడు. చివరికి అక్కే కూర్చోబెట్టి, జబ్బు చేసి చనిపోయింది, ఇక రాదు అని చెప్పింది. ఏడ్చాడు, చాలాసేపు ఏడ్చాడు. గేటు గోల మాత్రం ఆగింది. అంత చిన్నపిల్లలకి చావు అంటే తిరిగిరాకపోవడమని వెంటనే ఎక్కదు, రెండు మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది. అంతే తప్ప అబద్ధం అక్కర్లేదు.

దుఃఖం దానంతటదే సర్దుకుంటుంది చాలామందిలో. వారాలు గడిచినా నిద్ర లేక, తిండి సహించక, వ్యాయామాలు మానేసి గోడకేసి చూస్తూ పడుకుంటుంటే మాత్రం కాలు చూసే డాక్టరుకే ఆ మాట చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్‌కి 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. కుక్క కోసం ఫోన్ చేశామని సిగ్గుపడే పనేం లేదు.

మైల, గడప, కాలు కదపకపోవడం. మైల అనేది జ్ఞాతుల చావుపుట్టుకలకి. నమ్మకం లేకపోతే మీ పురోహితుణ్నే అడగండి. దీపం పెట్టుకుంటారా, పెట్టుకోండి, ఎవరూ కాదనరు. ఆస్పత్రికి వెళ్లడం శుభకార్యం కాదు వాయిదా వేయడానికి. ఆపరేషన్ కుట్లు మామూలుగా పది నుంచి పద్నాలుగు రోజులకి విప్పుతారు. మెసేజ్ చెప్పిన పదకొండు రోజులు సరిగ్గా అక్కడే పడితే?

కాలు కదపకూడదన్నది ఇంకా ప్రమాదం. విరిగిన చోట మొదటి రెండు మూడు వారాల్లో మెత్తని కణజాలం ఏర్పడుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య అది గట్టి ఎముకగా మారుతుంది. మోకాలి కింద ఎముక పూర్తిగా అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు. ఎముక తన మీద పడే బరువుని బట్టి తనను తాను మలుచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. రాడ్ వేసేదే మనిషిని త్వరగా లేపి నడిపించడానికి. ఎంత బరువు, ఎప్పటి నుంచి అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరు నిర్ణయం, వాట్సాప్‌ది కాదు. పడుకునే ఉంటే మోకాలు, చీలమండ బిగుసుకుపోతాయి, కండ కరిగిపోతుంది, పెద్దవాళ్లకైతే వీపు పుండ్లు పడతాయి. పిక్కలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకి చేరితే ప్రాణానికే ముప్పు. పాదం కిందికీ పైకీ ఆడించమని ఫిజియోథెరపిస్టు విసుగు పుట్టేదాకా చెప్పేది ఇందుకే. పిక్క వాచి నొప్పి పెట్టినా, హఠాత్తుగా ఆయాసం వచ్చినా మైల, వర్జ్యం చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

కుక్క బొచ్చుకీ ఎముకకీ ఏ సంబంధమూ లేదు. ఎముక చర్మం, కండ కింద అతుకుతుంది, బొచ్చు అక్కడికి పోదు. నిజంగా ఎముక అతకడాన్ని నెమ్మదింపజేసేవి వేరే ఉన్నాయి. అదుపులో లేని షుగరు ఒకటి, పొగ ఒకటి. సిగరెట్టయినా, చుట్టయినా, మన ఉత్తరాంధ్ర ముసలమ్మలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగయినా ఒకటే. వీటి గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు, కుక్క మీద నెట్టడం సులువు మరి.

ఒక్క జాగ్రత్త మాత్రం నిజమే. బతికున్న కుక్క ఉంటే మానని కుట్ల మీద, బయటికి పిన్నులు కనిపించే కాలి మీద నాకనివ్వకూడదు. దాని నోట్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు పుండును చెడగొడతాయి, షుగరు ఉన్నవాళ్లకి మరీ. వాకర్ పట్టుకుని గొలుసు కూడా పట్టుకోవడం ఇంకో కాలు విరగ్గొట్టుకోవడానికే. ఇక పోయినదాని వస్తువులంటారా, పిడుదులున్న పరుపు పారేయడం సరైనదే, గోడ పగుళ్లలో మందు కొట్టించడం ఇంకా సరైనది. దాని గొలుసో, కంచమో దాచుకుంటే ఏ ఎముకకీ నష్టం లేదు.

ధర్మరాజు కుక్కను సాక్ష్యం తేవడం చదివి నవ్వొచ్చింది. మహాప్రస్థానంలో ఆ కుక్క ఎవరి గండమూ తీసుకోలేదు, చనిపోనూ లేదు. దాన్ని వదిలేస్తేనే స్వర్గమని ఇంద్రుడంటే, నన్ను నమ్ముకుని వచ్చినదాన్ని వదలనని ధర్మరాజు మొండికేశాడు. తర్వాత అది ధర్మదేవతని తేలింది. ఈ కథ చదివి ఎవరైనా కుక్కను ఆఖరిదాకా చూసుకోవాలనుకుంటారు. "అది మన కోసం చచ్చింది, ఏడవకు" అన్న అర్థం ఎక్కడ దొరికిందో రాసినవాళ్లకే తెలియాలి.

చివరిది కొత్త కుక్కపిల్ల. పోయిన కుక్క, వాంతులు, రక్త విరేచనాలు పట్టించే పార్వో వైరస్‌తో పోయి ఉంటే ఆ వైరస్ ఇంట్లో, వాకిట్లో నెలల తరబడి, ఏడాది దాకా కూడా బతికి ఉంటుంది. టీకాలు పూర్తికాని పిల్లను అక్కడికి తెస్తే రోజుల్లో దాన్నీ పోగొట్టుకోవచ్చు. టిక్ ఫీవర్‌తో పోయినా గోడల్లో పిడుదులు అలాగే ఉంటాయి. పైగా కుక్కపిల్ల అంటే పాదాలకి అడ్డం పడేది, నేల మీద ఉచ్చ పోసేది. వాకర్ మీద ఉన్న మనిషికి తడి నేల కన్నా పెద్ద శత్రువు లేదు. బావ తేల్చి చెప్పాడు, కర్ర కూడా వదిలేసి నడిచాకే ఆ మాట ఎత్తండని. అప్పుడు తెచ్చుకున్నా మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో, తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో పదహారు వారాలు వచ్చేదాకా, మూడు నెలలకి రేబిస్ టీకా. అవన్నీ అయ్యేదాకా దాన్ని వీధిలోకి తీసుకెళ్లకండి.