టేప్‌రికార్డర్‌పై అఖిలపక్షం

మా నాయన 1988లో కొన్న స్టీరియో సెట్టు పడకేసింది. బాగు చేయించాలా, తీసేసి కొత్తది కొనాలా అన్న సమస్యపై మా ఇంట్లో మూడు నెలలుగా అఖిలపక్ష సమావేశాలు నడుస్తున్నాయి. బిడ్డ పెళ్లికి కూడా ఇన్నిసార్లు కూర్చోలేదు.

‘కొత్తది’ పక్షానికి మావాడు నాయకుడు. సాక్ష్యంగా ఒక బ్లూటూత్ డబ్బా పట్టుకొచ్చాడు. దాని అట్టపెట్టె మీద ‘10,000 వాట్స్ పీఎంపీవో’ అని, అంటే క్షణకాలపు గరిష్ఠ మోత లెక్క, రాసి ఉంది. దేవరకొండ దిక్కు మా బావ చెలకలో బోరు మోటారు 5 హెచ్‌పీ, అంటే దాదాపు 3,730 వాట్లు. ఆ లెక్కన ఈ డబ్బా రెండు బోర్ల నీళ్లు ఒంటిచేత్తో తోడిపోయాలి. పోయలేదు సరికదా, సాయంత్రానికి ఛార్జింగ్ దిగి కుయ్‌మంది. అసలు వాట్లు, అదే ఆర్‌ఎంఎస్, అట్ట అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో దాక్కున్నాయి.

మా ఆవిడది అలీన విధానం. ఏది ఉన్నా పోయినా అల్మారా మీద జాగా ఖాళీ కావాలి, అంతే.

‘మరమ్మతు’ పక్షంలో నేనొక్కణ్నే. నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర మెకానిక్ అన్న మూత విప్పాడు. రబ్బరు బెల్టు కరిగి, తారులా పుల్లీకి పట్టుకుంది. స్పిరిట్‌లో ముంచిన దూదితో నేనూ ఓ చెయ్యి వేశాను. ఆ నలుపు మూడు రోజులైనా గోళ్లలోంచి పోలేదు. అన్నంలోకి మాత్రం ఏమీ రాలేదని ఇంట్లో ప్రమాణం చేయాల్సి వచ్చింది. కెపాసిటర్లు ఎండిపోయాయి కాబట్టి గుయ్‌మనే మోత. వాల్యూమ్ కంట్రోల్‌లో దుమ్ము కాబట్టి కరకర. ఊఫర్, అదే పెద్ద స్పీకర్, చుట్టూ ఉన్న ఫోము వేలు పెడితే అప్పడంలా పొడైంది.

“మిగతాదంతా మంచిగనే ఉంది సారూ,” అన్నాడు.

మిగిలింది చెక్క పెట్టె.

సామాను హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీ నుంచి తెప్పించాం. ఖర్చెంతో ఇంట్లో సగమే చెప్పాను. వారం తర్వాత ఎర్ర లైటు వెలిగింది, చక్రాలు తిరిగాయి.

“చెక్ చెయ్యనీకి ఓ క్యాసెట్ ఇయ్యి సారూ.”

ఇల్లంతా వెతికాం. రెండు సంచుల క్యాసెట్లలో ఒక్కటీ దొరకలేదు. చివరికి బావకు ఫోన్ చేశాను.

“అవా? రీళ్లు గుంజి జొన్నచేను సుట్టూ పిట్టలకు కట్టిన బావా. గాలికి జుయ్యిమని ఏం మోగుతున్నయనుకున్నవ్! ఒక్క పిట్ట వాలితే ఒట్టు.”